హాస్టల్ కంప్యూటర్ అడ్రస్ బార్ గురించి ఒకసారి మాట్లాడుకుందాం



పోస్ట్ కొంచెం పొడవుగానే ఉంటది, ఓపికగా చదవండి. హాస్టల్‌లో, కాలేజీ ల్యాబ్‌లో, నెట్ సెంటర్‌లో పదిమంది వాడే కంప్యూటర్ మీద కూర్చునే ప్రతి తమ్ముడూ, చెల్లీ చదవాలని రాస్తున్నాం. వార్డెన్ సార్లు, మేడమ్‌లు ఎవరైనా ఈ గ్రూప్‌లో ఉంటే వాళ్లు కూడా చదవాలి. చివర్లో వాళ్లతోనే మాకు పని ఉంది.

మేము ఇవే హాస్టళ్లలో చదువుకుని ఇప్పుడు డిగ్రీ, పీజీ చేస్తున్నవాళ్లం. ఆదివారాలు తీరిక దొరికితే మాలో అమ్మాయిలు ఆడపిల్లల హాస్టల్‌కి, అబ్బాయిలు అబ్బాయిల హాస్టల్‌కి వెళ్లి స్కాలర్‌షిప్ ఫారాలు నింపడం, హాల్ టికెట్లు తీసుకోవడం, మెయిల్ పెట్టడం లాంటివి చూపిస్తుంటాం. పెద్ద చదువు చెప్పేది ఏమీ లేదు. మాకు ఎవరూ చూపించనివి వీళ్లకైనా చూపిద్దామని అంతే. అట్లా వెళ్లినప్పుడు మా కళ్ల ముందు జరిగిన రెండు సంగతులు ముందు చెప్తాం. పేర్లు, ఊర్లు చెప్పం.

మొదటిది ఆడపిల్లల హాస్టల్‌లో. అక్కడ నాలుగు కంప్యూటర్లు ఉంటే పనిచేసేవి రెండు. ఒక ఆదివారం మా అక్క ఒకామె ఇంటర్ పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని వెబ్‌సైట్ ఎట్లా తెరవాలో చూపిస్తోంది. ఒక చెల్లి ముందుకొచ్చి పైన అడ్రస్ బార్‌లో ‘ఎస్’ అక్షరం కొట్టింది. ‘స్కాలర్‌షిప్’ అని కొట్టబోతోంది పాపం. కింద వరసగా పాత సెర్చ్‌లు దిగాయి. అందులో పైనే ఉంది: సికిల్ సెల్ ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోవచ్చా అని. దాని కింద ఇంకొకటి, పిల్లలకు వస్తుందా అని.

గదిలో నలుగురు నవ్వారు. ఇద్దరు చదివి వినిపించారు. ముందు రోజు రాత్రి ఆ కంప్యూటర్ మీద ఎవరు కూర్చున్నారో అందరికీ తెలుసు. ఎందుకంటే వాడుకున్నవాళ్లు పేరు రాసే రిజిస్టర్ పక్కనే ఉంది. ఒక నిమిషంలో అందరి కళ్లూ ఒక పిల్ల మీదకు తిరిగాయి. ఆ పిల్ల లేచి బయటకు వెళ్లిపోయింది.

అంతటితో అయిపోలేదు. ఆ హాస్టల్‌లో ఉన్న పిల్లలు చాలామంది ఒకటే మండలం వాళ్లు. ఒకరికొకరు వరసలు ఉంటాయి. పండగ సెలవులకు పిల్లలు ఇంటికి పోకముందే మాట ఊరికి చేరింది. పెళ్లీడు కూడా రాని పిల్ల గురించి, ‘దానికి రక్తం జబ్బట’ అని. నిజానికి ఆ చెల్లికి జబ్బు లేదు. స్కూల్లో పరీక్ష చేసి క్యారియర్ అని కార్డు ఇచ్చారు. ఆ కార్డు చూసి భయపడి, ఎవరినీ అడగలేక, రాత్రిపూట కంప్యూటర్‌ని అడిగింది. ఆ తర్వాత నెల రోజులు ఆ గది వైపే రాలేదు. స్కాలర్‌షిప్ రెన్యువల్ కూడా ఆలస్యమైంది. మా అక్క వెళ్లి బతిమాలి, పక్కన కూర్చుని చేయించింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేం. సికిల్ సెల్ అంటుకునే జబ్బు కాదు. అమ్మ వైపు నుంచీ, నాన్న వైపు నుంచీ రెండు వైపులా ఆ జన్యువు వస్తేనే జబ్బు. ఒక వైపు నుంచే వస్తే క్యారియర్. క్యారియర్లు మామూలుగా చదువుకుంటారు, ఆడుకుంటారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అందుకే పెళ్లికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలని డాక్టర్లు చెప్తారు. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపువాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని లక్ష్యం. పరీక్ష చేసి కార్డు చేతిలో పెడుతున్నారు, మంచిదే. కానీ కార్డు తీసుకున్న పదహారేళ్ల పిల్లకు వంద ప్రశ్నలు వస్తాయి. ఆ ప్రశ్నలు అడగడానికి ఆమెకు ఉన్నది ఆ ఒక్క కంప్యూటర్. అది ఆమె అడిగిన ప్రశ్నను తెల్లారి అందరికీ చూపించింది.

రెండో సంగతి అబ్బాయిల హాస్టల్‌లో. డిగ్రీ మొదటి సంవత్సరం తమ్ముడు ఒకడు స్కాలర్‌షిప్‌కి అప్లై చేద్దామని కూర్చున్నాడు. అడ్రస్ బార్‌లో నాలుగు అక్షరాలు కొట్టేసరికి మిగతాది దానంతట అదే నిండిపోయింది. ఎంటర్ కొట్టాడు. జాతీయ జెండా రంగులు, అశోక చక్రం లాంటి బొమ్మ, స్కాలర్‌షిప్ అని పెద్దగా రాసి ఉంది. పేరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా అన్నీ అడిగింది, ఇచ్చాడు. చివర్లో రిజిస్ట్రేషన్ ఫీజు అని కొన్ని వందలు అడిగింది. స్నేహితుడి ఫోన్ నుంచి కట్టించాడు. తర్వాత ఏమీ రాలేదు.

ఆ సైట్ అక్కడికి ఎట్లా వచ్చింది? మేము హిస్టరీ తెరిచి చూశాం. రెండు నెలల కింద ఎవరో వాట్సాప్‌లో వచ్చిన లింకును ఆ కంప్యూటర్‌లో తెరిచారు. తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురు తెరిచారు. అంతే, కంప్యూటర్ నేర్చుకుంది. ఆ తర్వాత ఎవరు ఆ అక్షరాలు కొట్టినా అసలు ప్రభుత్వ సైట్ కంటే ముందు దీన్నే చూపించడం మొదలుపెట్టింది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయడానికి ఫీజు ఏమీ ఉండదు. ఆ ఒక్క మాట ఆ తమ్ముడికి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు. అది మా తప్పు కూడా.

ఈ రెండు సంగతులూ చూశాక మాకు అర్థమైంది ఒకటే. కంప్యూటర్ అందరిదీ అయినప్పుడు, అడ్రస్ బార్ కూడా అందరిదీ అయిపోతోంది. ఒకరి భయం ఇంకొకరికి నవ్వులాట అవుతోంది. ఒకరి పొరపాటు ఇంకొకరికి దారి అవుతోంది. ఇది పిల్లల తప్పు కాదు. సెట్టింగ్‌ది, ఆ సెట్టింగ్ మార్చకుండా వదిలేసిన మా పెద్దవాళ్లది.

అది ఎట్లా పనిచేస్తుందో తెలుసుకుంటే భయం సగం పోతది. అడవిలో దారి ఎట్లా పడుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నలుగురు నడిచిన చోట గడ్డి నలిగి దారి కనిపిస్తుంది. అడ్రస్ బార్ కూడా అంతే. ఎక్కువసార్లు, ఈ మధ్యనే వెళ్లిన చోటుని ముందు చూపిస్తుంది. కానీ దారి పడిందంటే అది మన ఊరికే పోతుందని కాదు గదా. పశువులు నడిచినా దారి పడుతుంది.

కింద దిగే ఆ వరసలో అన్నీ ఒకటే రకం కావు. క్రోమ్‌లో పక్కన ఉండే చిన్న బొమ్మ చూస్తే కొంత తెలుస్తుంది. గడియారం బొమ్మ ఉంటే అది ఈ కంప్యూటర్‌లో ఇంతకుముందు ఎవరో వెతికింది. నక్షత్రం ఉంటే ఎవరో బుక్‌మార్క్ పెట్టుకున్నది. భూతద్దం ఉంటే మామూలుగా సెర్చ్ కంపెనీ పంపించినది, అంటే లోకంలో చాలామంది కొడుతున్న మాటలు. ఫైర్‌ఫాక్స్ 2021లో ఇంకోటి చేర్చింది, స్పాన్సర్లు డబ్బు కట్టి పెట్టించే సజెషన్లు. అవి మొదట అమెరికాలో వాడేవాళ్లకు వచ్చాయి. కాబట్టి పైన కనిపించింది కదా అని అదే సరైనది అనుకోవద్దు. పైన ఉండటానికి కారణాలు వేరు, నిజం కావడానికి కారణాలు వేరు.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. సెర్చ్ సజెషన్లు ఆన్‌లో ఉంటే, మనం ఎంటర్ కొట్టకముందే, కొడుతున్న అక్షరాలు అక్షరంగా సెర్చ్ కంపెనీకి వెళ్తుంటాయి. అందుకే రెండు అక్షరాలకే జవాబు వస్తుంది. మనం మనసు మార్చుకుని చెరిపేసినా అప్పటికే వెళ్లిన అక్షరాలు వెళ్లినట్టే.

మన భాషలో ఎందుకు రావు అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. చాలామంది కొట్టిన మాటలే కదా అది నేర్చుకునేది. గోండీకి రాసుకోవడానికి యూనికోడ్‌లో రెండు లిపులు ఉన్నాయి. మసరం గోండీ 2017లో, మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి పేరు మీద ఉన్న గుంజాల గోండీ 2018లో చేరాయి. కానీ వాటితో టైప్ చేసేవాళ్లు ఎంతమంది? మనం అడగని భాష దానికి రాదు. ఇది ఇంకో పోస్ట్‌కి సరిపడా విషయం, ఇక్కడ ఆపుతున్నాం.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాం. కష్టమైనవి ఏమీ లేవు. ఒక్కసారి చేతితో చేసి చూస్తే వచ్చేస్తాయి.

ఒకటి. ఒక్క సజెషన్ తీసేయాలంటే. అడ్రస్ బార్‌లో అక్షరం కొట్టండి. వరస దిగుతుంది. కిందికి బాణం కీ నొక్కుతూ మీకు అక్కర్లేని దాని మీదకు వెళ్లండి. షిఫ్ట్, డిలీట్ రెండూ కలిపి నొక్కండి. పోతుంది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింట్లోనూ ఇదే. క్రోమ్‌లో మౌస్‌ని దాని మీద పెడితే కుడివైపు చిన్న ఇంటూ గుర్తు వస్తుంది, దాన్ని నొక్కినా చాలు. ఫోన్‌లో క్రోమ్ అయితే ఆ సజెషన్ మీద వేలు కాసేపు నొక్కి పట్టండి, తీసేయాలా అని అడుగుతుంది. ఇట్లా పోయేవి ఆ కంప్యూటర్ గుర్తుపెట్టుకున్నవి మాత్రమే. సెర్చ్ కంపెనీ పంపించినవి ఇట్లా పోవు. నక్షత్రం ఉన్నది పోవాలంటే ఆ బుక్‌మార్క్‌నే తీసేయాలి.

రెండు. దానంతట అదే నిండిపోతుంటే. మీరు నాలుగు అక్షరాలు కొట్టగానే మిగతాది రంగు పడి వచ్చేస్తుంది కదా, అప్పుడు ఎంటర్ కొట్టకండి. ముందు డిలీట్ ఒకసారి నొక్కండి. రంగు పడిన తోక ఊడిపోతుంది. మీరు కొట్టింది మాత్రమే మిగులుతుంది. ఆ రెండో సంగతిలోని తమ్ముడికి ఈ ఒక్క కీ తెలిసి ఉంటే సరిపోయేది.

మూడు. మొత్తం చెరపాలంటే. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే హిస్టరీ చెరిపే పెట్టె వస్తుంది. ఎంతకాలంది అని అడిగే చోట ‘ఆల్ టైమ్’ పెట్టండి. చాలామంది గంటసేపటిది చెరిపి అంతా పోయిందనుకుంటారు. హాస్టల్ కంప్యూటర్‌లో అయితే అన్నీ టిక్ పెట్టి చెరపండి. మీ సొంత ఫోన్‌లో అయితే పాస్‌వర్డ్‌ల దగ్గర టిక్ ఉందేమో చూసుకోండి, లేకపోతే దాచుకున్న పాస్‌వర్డ్‌లు కూడా పోతాయి.

నాలుగు. అసలు మిగలకుండా చేయాలంటే. ఇదే అన్నిటికంటే మంచిది. క్రోమ్‌లో, ఎడ్జ్‌లో పైన కుడివైపు ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ‘గెస్ట్’ అని ఉంటుంది. గెస్ట్ కిటికీలో పనిచేసి మూసేస్తే హిస్టరీ ఆ కంప్యూటర్‌లో ఉండదు, ముందువాళ్లది మీకు కనిపించదు, మీది తర్వాతవాళ్లకు కనిపించదు. అది లేకపోతే ఇన్‌కాగ్నిటో వాడండి. క్రోమ్‌లో, ఎడ్జ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, పి. పని అయ్యాక కిటికీలన్నీ మూయడం మర్చిపోకండి. ఒక్కటి తెరిచి ఉన్నా వెనక వచ్చినవాళ్లకు అది మీదే.

ఇన్‌కాగ్నిటో అంటే మాయ కంబళి కాదని కూడా చెప్పాలి. మీరు ఏ సైట్‌కి వెళ్లారో ఆ వైఫై నడిపేవాళ్లకు, నెట్ ఇచ్చే కంపెనీకి తెలిసే వీలు ఉంటుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. మేము ఒక ల్యాబ్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే కుల ధ్రువీకరణ పత్రాలు, ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు కుప్పగా ఉన్నాయి. ప్రింట్ తీసుకున్నాక ఫైల్ డిలీట్ చేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి.

ఐదు. ఫారం నింపేటప్పుడు వచ్చేవి. ఇది అడ్రస్ బార్ కాదు, దాని చుట్టం. ఆధార్ నంబరు గడిలో ఒక అంకె కొట్టగానే కింద ముందువాళ్ల నంబరు కనిపిస్తే, అది బ్రౌజర్ గుర్తుపెట్టుకున్నదే. తొందరలో దాన్నే నొక్కితే ఇంకొకరి నంబరుతో మీ ఫారం పోతుంది. ఇక్కడ కూడా బాణం కీతో దాని మీదకు వెళ్లి షిఫ్ట్, డిలీట్ నొక్కితే పోతుంది. పైన చెప్పిన చెరిపే పెట్టెలో ‘ఆటోఫిల్’ అని ఉంటుంది, అది కూడా టిక్ పెట్టండి.

ఆరు. అకౌంట్ లాగిన్. హాస్టల్ కంప్యూటర్ బ్రౌజర్‌లో మీ గూగుల్ అకౌంట్ పెట్టి సింక్ ఆన్ చేస్తే, మీ ఫోన్‌లో వెతికినవి కూడా అక్కడ దిగే వీలుంది. ఎక్కడో ఇంట్లో అర్ధరాత్రి చూసింది కాలేజీ ల్యాబ్‌లో కనిపిస్తుంది. సింక్ చేయాలా అని అడిగితే వద్దు అనండి. మెయిల్ చూడాలంటే గెస్ట్ కిటికీలో చూసి సైన్ అవుట్ చేయండి. ఇంకోటి, బ్రౌజర్‌లో చెరిపినంత మాత్రాన అకౌంట్‌లో ఉన్నది పోదు. అకౌంట్‌లోకి వెళ్లి ‘మై యాక్టివిటీ’లో విడిగా చెరపాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఒకే ఫోన్, ఒకే అకౌంట్ వాడే ఇళ్లు మనవి. కాబట్టి ఇది ముఖ్యం.

ఏడు. అసలు సైట్ ముందే పెట్టుకోండి. స్కాలర్‌షిప్ సైట్ ఒకసారి సరిగ్గా తెరిచి, చిరునామా చివర ‘డాట్ గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూసి, కంట్రోల్, డి నొక్కి బుక్‌మార్క్ చేయండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌కి, తెలంగాణ ఈపాస్‌కి, ఆంధ్రలో జ్ఞానభూమికి చివర అదే ఉంటుంది. ‘గవ్’ అన్న మాట మధ్యలో ఎక్కడో ఉంటే సరిపోదు, చివర ఉండాలి. ఎక్కడైనా డబ్బు పోయిందంటే సిగ్గుపడి కూర్చోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇంతవరకు మనం చేసుకోవాల్సింది. ఇక వార్డెన్ సార్లతో, మేడమ్‌లతో మాట్లాడాలి.

మేము ఈ మాట ఒక హాస్టల్‌లో ఎత్తితే, ‘హిస్టరీ ఉండాలమ్మా, లేకపోతే పిల్లలు ఏవేవో చూస్తారు, రేపు ఏమన్నా అయితే మాకు సమాధానం ఎవరు చెప్తారు’ అన్నారు. ఆ మాటలో నిజం లేదని మేము అనం. రెండు వందల మంది పిల్లల బాధ్యత వాళ్ల మీద ఉంది. చెడ్డ సైట్లు ఉన్నాయి, మోసం చేసేవాళ్లు ఉన్నారు, చిన్న పిల్లలు ఉన్నారు. తల్లిదండ్రులు వాళ్లను నమ్మి పంపారు.

కానీ ఒకటి అడుగుతున్నాం. ఆ హిస్టరీని మీరు ఎప్పుడైనా చూశారా? చూసి ఏ పిల్లవాడినైనా కాపాడారా? మాకు కనిపించినంతలో దాన్ని చూస్తున్నది పక్క బెంచీ పిల్లలు. అడ్రస్ బార్ వార్డెన్‌కి చెప్పడం లేదు, తర్వాత కూర్చున్న పిల్లకు చెప్తోంది. అది కాపలా కాదు, చాడీ. చెడ్డ సైట్లు రాకుండా ఆపాలంటే వైఫై దగ్గరే ఆపవచ్చు, దానికి వేరే పద్ధతులు ఉన్నాయి, తెలిసినవాళ్లతో చేయించవచ్చు. అప్పుడు చెడ్డది ఆగుతుంది, పిల్ల ప్రశ్న బయటపడదు.

మాలో కూడా ఒకరికి వేరే అభిప్రాయం ఉంది, అది దాచం. ‘అన్నీ చెరిపేస్తే ఆ దొంగ సైట్ ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలిసేదే కాదు కదా, హిస్టరీ ఉండబట్టే పట్టుకున్నాం’ అన్నాడు. నిజమే. ఆ రోజు హిస్టరీ పనికొచ్చింది. కానీ గెస్ట్ కిటికీ పెట్టి ఉంటే రెండు నెలల కింద తెరిచిన ఆ లింకు ఆ రోజే పోయేది, ఈ తమ్ముడికి ఎదురయ్యేదే కాదు. జబ్బు ఎక్కడ నుంచి వచ్చిందో కనుక్కోవడం కంటే రాకుండా చూసుకోవడం మేలు అని మేము అనుకుంటున్నాం.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. ‘తప్పు చేయనివాళ్లకు దాచుకునేది ఏముంటుంది’ అని. ఆ చెల్లి ఏం తప్పు చేసింది? తన రక్తం గురించి అడిగింది. నెలసరి ఆలస్యమైందని వెతికే పిల్ల ఏం తప్పు చేసింది? నిద్ర పట్టడం లేదని, చదువు వదిలేయాలనిపిస్తోందని వెతికే తమ్ముడు ఏం తప్పు చేశాడు? ఇవన్నీ పెద్దవాళ్లను అడగలేక అడిగే ప్రశ్నలు. మన ఊళ్లలో అందరూ అందరికీ తెలుసు, అది మన బలం. జ్వరం వస్తే పది ఇళ్లు కదులుతాయి. కానీ ఆ బలమే ఒక్కోసారి పిల్ల నోరు మూయిస్తుంది. అందుకే అడగడానికి ఒక్క చోటైనా ఉండాలి.

గోప్యత పట్నం వాళ్ల సోకు కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆ హక్కు సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాడికే అని ఎక్కడా రాయలేదు. సొంత గది, సొంత ఫోన్ ఉన్న పిల్లవాడు సెట్టింగ్ మార్చకపోయినా అతని ప్రశ్న అతని దగ్గరే ఉంటుంది. అన్నీ పంచుకుని బతికే మన పిల్లలకే ఆ సెట్టింగ్ అవసరం.

కాబట్టి మేము అడిగేవి నాలుగు. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

హాస్టల్, ల్యాబ్ కంప్యూటర్లలో బ్రౌజర్ తెరిస్తే గెస్ట్ కిటికీనే తెరుచుకునేలా పెట్టండి. ఫైర్‌ఫాక్స్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ దగ్గర ‘నెవర్ రిమెంబర్ హిస్టరీ’ అని ఉంటుంది, అది ఎంచుకుంటే చాలు.

అసలు స్కాలర్‌షిప్ సైట్ల చిరునామాలు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి ప్రతి కంప్యూటర్ పక్కన అంటించండి. హిస్టరీ లేకపోతే పిల్లలకు చిరునామాలు గుర్తుండవు అనే ఇబ్బంది ఈ అట్టతో తీరిపోతుంది.

కంప్యూటర్ వాడిన రిజిస్టర్ ఉంటే ఉండనివ్వండి. కానీ అది మీ టేబుల్ మీద ఉండాలి, కంప్యూటర్ పక్కన కాదు.

ఏదైనా సెర్చ్ బయటపడి పిల్లలు ఎవరినైనా ఏడిపిస్తే, ఏడిపించినవాళ్లతో మాట్లాడండి. వెతికిన పిల్లను పిలిచి ‘ఎందుకు చూశావు’ అని అడగకండి. సికిల్ సెల్ కార్డు ఇచ్చిన రోజే ఏఎన్‌ఎం అక్కతో ఒక గంట కూర్చోబెట్టి పిల్లల ప్రశ్నలు తీర్చితే, రాత్రిపూట కంప్యూటర్‌ని అడిగే పని కూడా తగ్గుతుంది.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ముందువాళ్లు వెతికింది మీ కంటబడితే చదివి వినిపించకండి. షిఫ్ట్, డిలీట్ నొక్కండి, మీ పని చేసుకోండి. అది మీరు వాళ్లకు చేసే సాయం. రేపు మీకు ఇంకొకరు చేస్తారు.

ఆ చెల్లి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. కంప్యూటర్ గదికి మళ్లీ వస్తోంది. పోయిన ఆదివారం మా అక్క వెళ్లేసరికి ఇద్దరు చిన్న పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని గెస్ట్ కిటికీ ఎక్కడ ఉంటుందో చూపిస్తోంది. ఎవరు నేర్పారమ్మా అని అడిగితే, ‘మీరే కదా అక్కా’ అంది.

మీ హాస్టల్‌లో ఈ ఆదివారం ఒక్క కంప్యూటర్‌తో మొదలుపెట్టండి. అడ్రస్ బార్‌లో ఒక అక్షరం కొట్టి చూడండి. ఏం దిగుతుందో చూసి, చదవకుండా చెరిపేయండి.

జోహార్.